కొట్టేసిన అయిదు పేరాలు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: టీచర్ గారికి నమస్కారం. ఈ సంవత్సరంతో నా హైస్కూలు చదువు పూర్తవుతుంది. వీడ్కోలు సభలో విద్యార్థుల తరఫున మాట్లాడమని నన్ను ఎంపిక చేశారు. మార్కులు బాగా వస్తాయి కాబట్టి ఎంపిక చేశారే గానీ, బడి గురించి నేనేమనుకుంటున్నానో ఎవరూ అడగలేదు. ప్రసంగం రాసి ముందుగా చూపించమన్నారు, చూపించాను. తిరిగి నా చేతికి వచ్చేసరికి అయిదు పేరాలు ఎర్ర సిరాతో కొట్టేసి ఉన్నాయి. పక్కన 'ఈ సందర్భానికి తగదు' అని రాసి ఉంది. ఇక మిగిలినవి కృతజ్ఞతలు మాత్రమే.

మొదటి పేరా గణితం పరీక్ష గురించి. పైథాగరస్ సిద్ధాంతాన్ని నిరూపించమన్నారు. పుస్తకంలో సరూప త్రిభుజాలతో ఉంది. నేను రెండు లంబకోణ త్రిభుజాలతో ఒక సమలంబ చతుర్భుజం గీసి, వైశాల్యాలతో నిరూపించాను. ఎక్కడా చూసి రాయలేదు, సొంతంగా తట్టింది. అయిదు మార్కులకు ఒకటి వేశారు. ఎందుకని అడిగితే, 'పుస్తకంలో ఉన్నది రాస్తే చాలు' అన్నారు.

రెండో పేరా ర్యాంకుల గురించి. ప్రతి పరీక్ష తర్వాత మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా వరండాలో అంటిస్తారు. ఆ కాగితం గోడ మీద ఉన్నన్నాళ్లూ నా స్నేహితురాలు వరండాలోకి రాకుండా మైదానం చుట్టూ తిరిగి తరగతికి వచ్చేది. నా పేరు పైన ఉండేది కాబట్టి ఆమెను ఓదార్చడానికి కూడా నాకు నోరు రాలేదు.

మూడోది ఉదయం గంట గురించి. మా మొదటి పీరియడ్ ఏడున్నరకు. కునుకు పడితే పీరియడ్ అయ్యేవరకూ నిలబెడతారు. నాలుగోది చరిత్ర తరగతి గురించి. మొదటి ప్రపంచ యుద్ధానికి నాలుగు కారణాలు నేర్చుకున్నాం. 'ఈ నాలుగింటిలో ఏది లేకపోయి ఉంటే యుద్ధం ఆగేది?' అని అడిగాను. 'అది పరీక్షలో రాదు, కూర్చో' అన్నారు. అయిదో పేరాలో, 'ఇక్కడ గడిపిన సంవత్సరాలు వృథా, మేము నేర్చుకున్నదేమీ లేదు' అని రాశాను.

సర్టిఫికెట్ తీసుకుని బయటపడమని నాన్న అంటున్నారు. కొన్నేళ్లు పోతే ఇవే తీపి జ్ఞాపకాలవుతాయని అమ్మ అంటోంది. వేదిక ఎక్కాక కొట్టేసిన పేరాలే చదివేయాలని నాకు ఉంది. చదవవచ్చా? ఇలా అనుకోవడం కృతఘ్నత అవుతుందా?

– ఒక విద్యార్థిని (పేరు వేయవద్దని కోరారు)

జవాబు: అమ్మా, ముందు నీ నిరూపణ సంగతి మాట్లాడతాను. ఉత్తరంతో పాటు నువ్వు పంపిన ప్రసంగం, బొమ్మ చూశాను. గణితం చెప్పినదాన్ని కాబట్టి మిగతా అన్నిటికంటే ముందు బొమ్మ మీదే చూపు ఆగింది.

నీ నిరూపణ సరైనదే. చదివేవారి కోసం చెబుతాను. లంబకోణ త్రిభుజంలో చిన్న భుజాలు ఎ, బి, కర్ణం సి అనుకుందాం. అలాంటి రెండు త్రిభుజాలను ఒకే గీత మీద, ఒకదాని ఎ భుజం, రెండోదాని బి భుజం ఆ గీత మీద కలిసేలా పెట్టి, పై రెండు మూలలనూ కలిపితే సమలంబ చతుర్భుజం వస్తుంది. దాని సమాంతర భుజాలు ఎ, బి. వాటి మధ్య దూరం ఎ, బి ల మొత్తం. కాబట్టి వైశాల్యం ఆ మొత్తం వర్గంలో సగం. అదే వైశాల్యాన్ని లోపలి మూడు త్రిభుజాల నుంచి లెక్కిస్తే, ఎ, బి ల లబ్ధంలో సగం రెండుసార్లు, సి వర్గంలో సగం ఒకసారి వస్తాయి. రెండు లెక్కలనూ సమానం చేస్తే ఎ వర్గం, బి వర్గం కలిపి సి వర్గం అవుతుంది. మధ్యలోని త్రిభుజానికి లంబకోణం ఎలా వచ్చిందో కూడా నువ్వు ఒక వాక్యంలో చెప్పావు. ఈ దారిన వచ్చేవాళ్లలో చాలామంది వదిలేసేది ఆ వాక్యాన్నే. అది లేకుంటే నేనూ ఒక మార్కు తగ్గించేదాన్ని. నువ్వు రాశావు కాబట్టి అయిదుకు అయిదు.

ఈ నిరూపణనే జేమ్స్ గార్‌ఫీల్డ్ 1876లో ఒక విద్యా పత్రికలో ప్రచురించాడు. అప్పటికి ఆయన అమెరికా ప్రతినిధుల సభలో సభ్యుడు. 1881లో ఆ దేశాధ్యక్షుడయ్యాడు. యూక్లిడ్ అంతటివాడు కూడా ఈ సిద్ధాంతాన్ని ఒకసారి వైశాల్యాలతో, మరోసారి సరూపతతో నిరూపించాడు. ఇప్పటికి దీనికి మూడు వందలకు పైగా నిరూపణలు ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని ఎవరి సాయమూ లేకుండా చేరుకున్న పిల్లకు ఒక మార్కు వేయడం అన్యాయం. ఈ మాట మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

అయితే ఆ అన్యాయం ఎక్కడ పుట్టిందో నీకు తెలియాలి. తెలిస్తేనే నీ పేరాకు బలం వస్తుంది. 1913లో డేనియల్ స్టార్చ్, ఎడ్వర్డ్ ఎలియట్ అనే ఇద్దరు ఒకే ఒక రేఖాగణితం జవాబు పత్రాన్ని వంద మందికి పైగా ఉపాధ్యాయులకు పంపి, నూటికి మార్కులు వేయమన్నారు. ఒకరు 28 వేశారు. మరొకరు 90 దాటించారు. మిగతావారు ఆ రెండింటి మధ్య ఎక్కడెక్కడో ఉన్నారు. సాహిత్యంలోనైతే అభిరుచులు వేరనుకోవచ్చు, ఇది రేఖాగణితం. ఒకరు తుది జవాబు చూశారు, ఒకరు మెట్లు చూశారు, ఒకరు దస్తూరి చూశారు. ఇలాంటి తేడాలను అదుపు చేయడానికే మార్కుల పథకం, అంటే ఏ జవాబుకు ఎన్ని మార్కులు వేయాలో చెప్పే కాగితం, అవసరమైంది. ఎవరు దిద్దినా ఒకే మార్కు రావాలన్నది దాని ఉద్దేశం. మంచి ఉద్దేశమే. కాకపోతే పథకంలో ఒకే పద్ధతి రాసి ఉంటే, దిద్దేవారు రెండో పద్ధతి కనబడగానే ఆగిపోతారు. ఎదురుగా పేపర్ల కట్ట ఉంటుంది, సాయంత్రానికి అది పూర్తి చేయాలి. నీ పేపరు దిద్దిన మనిషి చెడ్డవారని నేను అనుకోను. తొందరలో ఉన్నారు, తన ముందున్న కాగితాన్ని మీరడానికి ధైర్యం చేయలేదు.

దీనికి మందు లేకపోలేదు. 'సరైన మరే పద్ధతిలో చేసినా పూర్తి మార్కులు వేయాలి' అని చాలా పరీక్షా సంస్థల మార్కుల పథకాల్లోనే అచ్చువేసి ఉంటుంది. మీ బడి పరీక్షల పథకంలో ఆ వాక్యం ఉందా అని అడుగు. ఉంటే నీ మార్కులు నీకు రావాలి. లేకపోతే ఆ ఒక్క వాక్యం చేర్చమని అడుగు. నీ పేరాలో 'నా తెలివిని గుర్తించలేదు' అని ఉంది. అది తీసేసి ఈ కోరిక పెట్టు. నీ తర్వాత వచ్చే పిల్లలకు పనికొచ్చేది అదే.

ర్యాంకుల పేరా చదివాక కాసేపు మరో పని చేయలేకపోయాను. మైదానం చుట్టూ తిరిగి వచ్చే ఆ అమ్మాయి నా మనసులోంచి పోవడం లేదు. గణితం టీచరుగా ర్యాంకు గురించి ఒక మాట చెబుతాను. తరగతిలో ప్రతి ఒక్కరూ ఈసారి పది మార్కులు ఎక్కువ తెచ్చుకున్నారనుకో. అందరూ ఎక్కువ నేర్చుకున్నారు, అందరూ ఎక్కువ కష్టపడ్డారు. పట్టికలో ఒక్క పేరు కూడా కదలదు. చివరి అమ్మాయి చివరే ఉంటుంది. పిల్లలు ఎంత నేర్చుకున్నారో చెప్పలేని కొలతను చదువుకు కొలతగా పెట్టుకున్నాం. పైగా అందరూ ఎంత బాగా చదివినా ఎవరో ఒకరు చివర ఉండి తీరాలి. అది ఆ పిల్ల తప్పు కాదు, వరుసలో పెట్టడం అనే పనిలోనే ఉంది. ఇప్పుడు పైన చెప్పిన 28, 90 మళ్లీ గుర్తు తెచ్చుకో. ఒకే పేపరుకు దిద్దేవారిని బట్టి అంత తేడా రాగలిగినప్పుడు, ఒకటి రెండు మార్కుల తేడాతో ఒకరిని పదో స్థానంలో, ఇంకొకరిని పదిహేనో స్థానంలో నిలబెట్టి గోడకు అంటించడానికి ఆధారం ఏముంది?

1988లో రూత్ బట్లర్ అనే ఇజ్రాయెల్ పరిశోధకురాలు పిల్లలను మూడు గుంపులు చేసి, వారి పనికి ఒక గుంపుకు మార్కులు మాత్రమే, ఒక గుంపుకు వ్యాఖ్యలు మాత్రమే, మరో గుంపుకు రెండూ ఇచ్చారు. వ్యాఖ్యలు మాత్రమే అందుకున్న పిల్లలు తర్వాతి పనిలో మెరుగుపడ్డారు, వారి ఆసక్తి కూడా నిలిచింది. రెండూ అందుకున్నవారికి ఆ మేలు దక్కలేదు. పక్కన అంకె ఉంటే పిల్లల కళ్లు అంకె మీదకే పోతాయని ఏ టీచరును అడిగినా చెబుతారు. నేను దిద్దిన నోటు పుస్తకాలు తిరిగి ఇచ్చినప్పుడల్లా చూశాను. పుస్తకం తెరుస్తారు, అంకె చూస్తారు, పక్కవారి అంకె చూస్తారు, మూసేస్తారు. నేను రాసిన రెండు వాక్యాలు అలాగే ఉండిపోతాయి.

నీ ప్రసంగంలో ఒకే ఒక్క పేరా మిగిలే వీలుంటే ర్యాంకుల పేరానే మిగలాలి. అయితే అది నీ స్నేహితురాలి కథ. ఆమె పేరు చెప్పకపోయినా సభలో అందరికీ తెలిసిపోతుంది. ముందు ఆమెను అడుగు. ఇంతకాలం నోరు రాలేదన్నావు కదా, ఆ మాట మొదలుపెట్టడానికి ఇదే సమయం. ఆమె వద్దంటే మైదానం సంగతి వదిలేసి, లెక్క ఒక్కటే చెప్పు. పట్టికలో పైన ఉన్న పిల్లే ఆ పట్టిక తీసేయమంటే పెద్దలు ఈర్ష్య అని కొట్టిపారేయలేరు. నీ ర్యాంకు నీకు ఉపయోగపడాల్సింది ఇక్కడే.

ఉదయం గంట విషయంలో శరీరశాస్త్రం నీ పక్షాన ఉంది. కౌమారంలో నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోను రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది. అందుకే ఆ వయసువారికి త్వరగా పడుకోమన్నా నిద్ర పట్టదు. అయినా వారికి రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లోనే ఎనిమిదిన్నర కంటే ముందు బడి మొదలుపెట్టవద్దని చెప్పింది. సియాటిల్ నగరంలో 2016లో హైస్కూళ్ల సమయాన్ని 7:50 నుంచి 8:45కు జరిపారు. దొరికిన గంటను పిల్లలు మరింత ఆలస్యంగా పడుకోవడానికి వాడుకుంటారని చాలామంది అనుమానించారు. కొలిచి చూస్తే వారి నిద్ర రోజుకు 34 నిమిషాలు పెరిగింది. కాలిఫోర్నియాలో హైస్కూళ్లు ఎనిమిదిన్నర కంటే ముందు మొదలుకాకూడదన్నది 2022 నుంచి చట్టం. నీ పేరాలో 'క్రూరత్వం' అనే మాట బదులు ఈ అంకెలు పెట్టు.

చరిత్ర తరగతిలో నువ్వు అడిగింది చాలా మంచి ప్రశ్న. చరిత్రకారులు ఈనాటికీ వాదించుకుంటున్న ప్రశ్న అది. ఆ టీచరు కూర్చోమనడానికి కారణం బహుశా గడియారం. పాఠాన్ని పీరియడ్లుగా, విషయాన్ని గంటలుగా కొలిచే అలవాటుకు చరిత్ర ఉంది. అమెరికాలో 1906 నాటి నుంచి కార్నెగీ ఫౌండేషన్ అనే విద్యా సంస్థ హైస్కూలు చదువుకు ఒక ప్రమాణం పెట్టింది. ఒక విషయానికి సంవత్సరంలో 120 గంటల బోధన జరిగితే ఒక యూనిట్. అది వ్యాపించడం వెనక ఉన్నది ఆ ఫౌండేషన్ నడిపిన కళాశాల అధ్యాపకుల పింఛను పథకం. ఆ పథకంలో చేరాలంటే కళాశాలలు తమ ప్రవేశాలకు ఆ లెక్కను పాటించాల్సి వచ్చింది. పిల్ల బుర్ర ఎలా పనిచేస్తుందో చూసి పెట్టిన కొలత కాదు. మనుషులు ఏదో ఒక అవసరం కోసం పెట్టినదాన్ని మనుషులే మార్చవచ్చు. ఆ ఫౌండేషనే ఇప్పుడు గంటల లెక్కను దాటి వెళ్లాలని చెబుతోంది. ఈ పేరాలో ఆ టీచరు అన్న మాటను వదిలేయి. నీ ప్రశ్నను మాత్రం చదువు. నెలకు ఒక్క పీరియడ్ పరీక్షలో రాని ప్రశ్నలకు ఇవ్వమని అడుగు. ఇది ఏ హెడ్‌మాస్టరైనా రేపటి నుంచే చేయగల పని.

అయిదో పేరాను నేనూ కొట్టేస్తాను. అది నిజం కాదు. మధ్య త్రిభుజంలో లంబకోణాన్ని ప్రత్యేకంగా చూపించాలని నీకు తెలిసింది. అది పుట్టుకతో రాలేదు, నిరూపణ అంటే ఏమిటో ఎవరో నీకు చెప్పారు. అంతా వృథా అన్నావంటే ముందు చెప్పిన నాలుగు నిజాలూ ఆ ఒక్క అతిశయోక్తి కింద పడి నలిగిపోతాయి.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. వేదిక మీద చెప్పకుండా చదివేయవచ్చా? వద్దంటాను, భయంతో కాదు. అలా చదివితే మర్నాడు బడిలో మాట్లాడుకునేది నీ ధిక్కారం గురించే, ర్యాంకుల పట్టిక గురించి కాదు. ఆ పట్టిక వచ్చే సంవత్సరం కూడా అదే గోడ మీద ఉంటుంది.

కానీ నీకు మాట్లాడే హక్కు లేదని ఎవరైనా అంటే నమ్మకు. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణ, తమకు సంబంధించిన అన్ని విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఉందని, వయసును, పరిణతిని బట్టి దానికి విలువ ఇవ్వాలని చెబుతుంది. వియత్నాం యుద్ధానికి నిరసనగా చేతికి నల్ల పట్టీ కట్టుకుని బడికి వెళ్లిన మేరీ బెత్ టింకర్‌కు అప్పటికి 13 ఏళ్లు. బడి ఆమెను సస్పెండ్ చేసింది. 1969లో అమెరికా సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పు చెప్పింది. అదే కోర్టు 1988లో, బడి నడిపే పత్రికలో బడి మార్పులు చేయవచ్చని కూడా అంది. నీ చేతి పట్టీ నీది, బడి వేదిక బడిది. ఈ తేడా చట్టం కోసమే కాదు, వ్యవహారం కోసం కూడా తెలిసి ఉండాలి.

కాబట్టి నాలుగు పేరాలనూ ఇప్పుడు చెప్పినట్టు తిరగరాసి, సభకు ముందే నీ ప్రసంగం దిద్దిన వారి దగ్గరకు వెళ్లు. రెండు పేరాలు ఉంచమని అడుగు, ర్యాంకులది, నిరూపణది. ఒప్పుకుంటే సంతోషం. ఒప్పుకోకపోతే నాలుగింటినీ ఒక వినతిపత్రంగా హెడ్‌మాస్టరుకు ఇవ్వు. ఇష్టమున్న తోటివారితో సంతకాలు పెట్టించు. నిర్వాహక కమిటీకి ఒక ప్రతి పంపు, అందినట్టు సంతకం తీసుకో. ఇక ప్రసంగంలో మిగిలిన కృతజ్ఞతల్లో నీకు నమ్మకం లేని ఒక్క వాక్యం కూడా నోటితో పలకకు. అది నీ చేతిలోనే ఉంది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నీకు నిజంగా మేలు చేసిన టీచర్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. వారి పేర్లు చెప్పి, ఏ పాఠం ఏ రోజున ఎలా అర్థమైందో చెప్పు.

కృతఘ్నత అని ఎందుకు అనుకున్నావో నాకు అర్థమైంది. నీ కృతజ్ఞత మనుషులకు చెందుతుంది. నీ ఫిర్యాదు ఏర్పాటు మీద. రెండూ ఒకే ప్రసంగంలో ఇముడుతాయి. వినతిపత్రం ఇస్తే ఏమైందో నాకు రాయి. గార్‌ఫీల్డ్‌ది కాకుండా ఇంకో నిరూపణ తట్టినా రాయి.

ప్రశ్న: మా అబ్బాయి హైస్కూలు చివరి పరీక్ష రాసి వచ్చిన రోజునే పుస్తకాలన్నీ మూటకట్టి పడేశాడు. ఇక జీవితంలో పుస్తకం ముట్టనంటున్నాడు. చదివినదేదీ గుర్తు లేదంటున్నాడు. ఇన్నేళ్ల చదువు ఏమైనట్టు?

– ఒక తండ్రి

జవాబు: వాడు అబద్ధం చెప్పడం లేదండీ. పరీక్ష ముందు రాత్రి పదేపదే చదివింది త్వరగా పోతుంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి, కొందరిని మళ్లీ చదవమన్నారు, కొందరిని పుస్తకం మూసి గుర్తున్నంత రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవారిదే పైచేయి. వారం తర్వాత అడిగితే పుస్తకం మూసి రాసినవారు బాగా ముందున్నారు. మర్నాటి పరీక్షకు పనికొచ్చే పద్ధతి వేరు, మనసులో నిలిచే పద్ధతి వేరు. పిల్లలకు మనం అలవాటు చేసింది మొదటిదాన్ని. వాడి జ్ఞాపకశక్తిలో లోపమేమీ లేదు.

మూట జోలికి వెళ్లకండి. ఇంత చదివించామే అని లెక్కలు చెప్పకండి. కొన్ని వారాలు వాణ్ని నిద్రపోనివ్వండి. ఆ తర్వాత ఒక్క ప్రశ్న అడగండి, 'బడిలో నువ్వు అడగాలనుకుని అడగలేకపోయినది ఏదైనా ఉందా?' అని. జవాబు వెంటనే రాకపోవచ్చు, తొందరపెట్టవద్దు. వచ్చినప్పుడు మాత్రం, దానివల్ల ఏం ఉపయోగమని అనకుండా, వాడితో కలిసి కూర్చుని ఆ విషయం వెతకండి.